అప్‌డేట్: రాత్రిపూట తెల్లబడిపోతున్న సీసీ కెమెరా, కారణం దొరికింది

సంక్రాంతికి ఊరెళ్లేలోగా గేటు వైపు కెమెరా సంగతి తేల్చుకోవాలని ఇక్కడ అడిగాను. పగలు చిత్రం శుభ్రంగా ఉండేది. చీకటి పడగానే తెర అంతా తెల్లబడిపోయేది. సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు.

అడాప్టర్ కాదు, హార్డ్ డిస్కూ కాదు. మెకానిక్ రెండూ పరీక్షించి పక్కన పెట్టేశాడు. ‘పైనున్న సన్‌షేడ్ చూడండి’ అన్నవారి మాటే నిజమైంది. చీకట్లో లెన్స్ చుట్టూ వెలిగే, మన కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి, కొత్తగా తెల్ల రంగు వేయించిన సన్‌షేడ్ అంచుకు తగిలి తిరిగి లెన్స్‌లోకే వస్తోంది. దానికి తోడు సాలెగూడు! పగలు కంటికి ఆనని పోగులు రాత్రి తెర మీద లావుపాటి తాళ్లలా కనిపించేవి. గూడు దులిపి, సన్‌షేడ్ అడ్డు రాకుండా కెమెరాను జానెడు కిందికి బిగించాడు. ఆ రాత్రే గేటు గొళ్లెం కూడా స్పష్టంగా కనిపించింది. కొత్త కెమెరా అంటగట్టబోయిన దుకాణదారుకు ఓ నమస్కారం.

కెమెరా దృశ్యాలను రికార్డు చేసే పెట్టె, అదే డీవీఆర్‌ను టీవీ కింద నుంచి తీసి అటక మీద పెట్టించాను. దొంగలు దాన్నే ఎత్తుకుపోతే రికార్డింగు ఎంత బాగుంటే ఏం లాభం?

ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై నిఘా పెట్టే సేవ) వాడమన్న సలహా కూడా పనికొచ్చింది. యాప్‌లో నమోదు చేసుకుని ఊరెళ్లే తేదీలు ఇస్తే, పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా అమర్చారు. రుసుము లేదు. తాళం వేసిన ఇంట్లో కదలిక కనబడితే వారికి సమాచారం వెళ్తుంది. పండుగకు రద్దీ ఉంటుంది, ముందుగానే అడగండి.