చేసెనా, చేసిరా: తాతగారి తేటగీతి పాదం

పాలకొల్లు నుంచి: మా తాతగారు కాలువగట్టు మీద మడతకుర్చీ వేసుకొని, చుట్ట ఆరిపోయిన సంగతి కూడా గమనించకుండా ఒక పద్యం చదివేవారు. మూడు పాదాలు నేను మరిచిపోయాను. నాలుగోది మాత్రం పంట్లో ఇరుక్కున్న చెరకుపీచులా వదలడం లేదు: "చెట్టు కానించి గురిపెట్టి చేసె వధను". మా పిన్నిగారు అది "చేసిరి వధ" అంటున్నారు. పద్యం బెల్జియం పాలన నుంచి బయటపడ్డ కాంగోకు తొలి ప్రధాని లుముంబా మీదదని ఆవిడ వాదన, అల్లూరి మీదదని నాది. సరైన పాఠం ఏదో పెద్దలు చెప్పగలరా?

ద్రాక్షారామం నుంచి: ఛందస్సు ఇక్కడ తీర్పు చెప్పదండి. "చేసె, వధను" అన్నా, "చేసి, రివధ" అని విరిచినా పాదం చివరి సూర్యగణాలు (మూడు మాత్రల గణాలు) రెండూ కుదురుతాయి, యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడీ) ఎలాగూ చెల్లుతుంది. కనుక చరిత్రనే అడగాలి. ఇద్దరినీ చెట్టుకు ఆనించే కాల్చారు మరి. ఏకవచనమైతే 1924 మే 7, కొయ్యూరు, అల్లూరిని చంపిన తెల్లదొర మేజర్ గుడాల్. బహువచనమైతే 1961 జనవరి 17 రాత్రి, కాంగో నుంచి విడిపోయిన కటాంగా: బెల్జియం అధికారి నడిపిన తుపాకుల దళం, చూస్తూ నిలబడ్డ కటాంగా అధినేత త్షోంబే, ఆయన మంత్రులు. ఆ ఒక్క "రి"లో అంతమందీ ఇమిడి ఉన్నారని నా నమ్మకం.

నరసాపురం నుంచి: మాస్టారూ, మీ చరిత్రకు చిన్న సవరణ. లుముంబా తప్పించుకొని పారిపోతుండగా పల్లెజనం చంపేశారని 1961 ఫిబ్రవరి 13న కటాంగా ప్రభుత్వం ప్రకటించింది. పద్యం ఆ రోజుల్లో పుట్టినదే అయితే మన డెల్టాలో కూర్చున్న కవికి ఆ చెట్టు సంగతి ఎలా తెలుస్తుంది? కాబట్టి అది మన్యం చెట్టే, పద్యం మా ఊళ్లో చదువుకున్న కుర్రవాడు అల్లూరి మీదదే. పారిపోబోయాడన్న కథ కొయ్యూరు విషయంలోనూ తెల్లదొరలు అల్లినదేనని మరువకండి.

మండపేట నుంచి: మీరు "సె" దగ్గర ఆగిపోయారు గాని, నన్ను కలవరపెడుతున్నది "వధ". కీచకుణ్ణి చంపితే వధ, జరాసంధుణ్ణి చంపితే వధ. దేశం కోసం పోరాడినవాడికి ఆ మాట వాడితే చంపినవాడి పక్షాన మాట్లాడినట్టే. "చేసె హతుని" అని ఉండి ఉంటుంది, గణాలు కూడా సరిపోతాయి.

ద్రాక్షారామం నుంచి: మరి అభిమన్యు వధ మాటేమిటి, ద్రోణ వధ మాటేమిటి? వాళ్లు దుష్టులా? మీరు కీచకుణ్ణి తెచ్చారు గనుక చెబుతున్నాను, తిక్కనగారి ద్రౌపది "మానముఁ బ్రాణముం గొనుట తథ్యం" అన్నది తప్ప వధ అనలేదు, హత్య అనలేదు. బాకీ వసూలు చేసుకున్నట్టు ప్రాణం "కొనడం" అనగల ఆ ధీమా మరో కవికి ఉందా?

అమలాపురం నుంచి: తిక్కనగారి దాకా వెళితే తెల్లవారిపోతుంది. చేసె అన్నా, చేసిరి అన్నా ఆ పాదంలో కర్త పేరు లేదన్నది ఎవరూ పట్టించుకోలేదు. లుముంబా విషయంలో 2001లో బెల్జియం పార్లమెంటు విచారణ సంఘం కూడా తమ దేశానికి "నైతిక బాధ్యత" ఉందన్నదే తప్ప, చంపింది మేమే అనలేదు. దేహాన్ని ఆమ్లంలో కరిగించగా మిగిలిన బంగారు తొడుగు పన్ను 2022 జూన్‌లో గాని ఇంటివారి చేతికి రాలేదు. అన్నేళ్లూ దాన్ని బెల్జియంలో ఎవరు దాచారో తెలిసినప్పుడు "చేసిరి" అనడమే న్యాయమని నాకు తోస్తుంది.

నరసాపురం నుంచి: న్యాయం వేరు, పాఠం వేరు.

పాలకొల్లు నుంచి: ఇప్పుడే పిన్నిగారితో మాట్లాడాను. ఈ చర్చంతా చదివి వినిపించాక, అసలు ఆ పాదం "గట్టు కానించి గురిపెట్టి కాల్చి రతని" అని తేల్చారు. చెట్టూ లేదు, వధా లేదు. గకారానికి కకారంతో యతి చెల్లుతోంది, గణాలూ తప్పలేదు. "కాల్చె నతని" అన్నా సరిపోతుంది కదా, అది కాదని ఎలా చెప్పగలరని అడిగేసరికి ఆవిడ ఫోను పెట్టేశారు.