నాయనకి కీమోతో పాటు ఇమ్యునోథెరపీ ట్రయల్ అంటున్నారు, చేరొచ్చా?

ప్రొద్దుటూరు_బిడ్డ:
మా నాయనకి లంగ్ క్యాన్సర్ నాలుగో స్టేజ్, కీమో ఇస్తూనే ఇమ్యునోథెరపీ మందు, అంటే మన ఒంట్లో రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే మందు, కలిపే ట్రయల్ ఉంది చేరతారా అని డాక్టరు అడిగినాడు, అమ్మేమో మనిషి మీద ప్రయోగాలు వద్దు అని ఒకటే ఏడుపు. ఒక గ్రూపుకి ఉత్తి సెలైన్ లాంటిది ఎక్కిస్తారంట, నాయనకి అదే పడితే ఏంది గతి?

కర్నూలు_నర్సక్క:
అమ్మకి ముందు ఇది చెప్పు తల్లీ, ఇట్లాంటి ట్రయల్‌లో ఏ గ్రూపులో పడినా కీమో మాత్రం ఆపరు. 2018లో వచ్చిన కీనోట్-189 అనే లంగ్ క్యాన్సర్ ట్రయల్ ఇదే పద్ధతి, 616 మంది, పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలిపినోళ్లలో ఏడాదికి దాదాపు 69 శాతం బతికున్నారు, కీమో ఒక్కటే అయినోళ్లలో 49. కానీ క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జీన్లలో మార్పులున్నోళ్లని అందులో తీసుకోలేదు, వాళ్లకి ఆ మార్పు మీదే పనిచేసే వేరే టార్గెటెడ్ మాత్రలున్నాయి, కాబట్టి బయాప్సీ మీద ఆ రిపోర్టు రాకుండా సంతకం పెట్టొద్దు.

అనంతపురం_అన్న:
అక్క చెప్పింది కరెక్టే, అయితే ఎప్పుడు కలిపినా మేలే అనుకోవద్దమ్మా. మూడో స్టేజ్‌లో కీమో రేడియేషన్ అయినాక డుర్వాలుమాబ్ అనే ఇంకో ఇమ్యునోథెరపీ మందు ఇస్తే పసిఫిక్ ట్రయల్‌లో బాగా పనిచేసింది, అదే మందు రేడియేషన్‌తో పాటే మొదలుపెడితే పసిఫిక్-2 అనే ఇంకో ట్రయల్లో లాభం కనపడలా. ఇంకోటి, మా చిన్నాయనకి ఈ రకం మందు వాడేటప్పుడు ఉన్నట్టుండి ఆయాసం, మెట్లు కూడా ఎక్కలేకపోయినాడు, స్కాన్ తీస్తే ఊపిరితిత్తుల్లో వాపు, స్టెరాయిడ్ ఇచ్చినాక తగ్గింది. రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ముందే నంబరు తీసుకో.

ప్రొద్దుటూరు_బిడ్డ:
ఈజీఎఫ్ఆర్ రిపోర్టు ఇంకా రాలేదక్కా, మధ్యలో వద్దనుకుంటే మానేయొచ్చా?

కర్నూలు_నర్సక్క:
ఎప్పుడైనా మానేయొచ్చు, దానికని ఆసుపత్రి వాళ్లు మామూలు ట్రీట్‌మెంట్ ఆపకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే మన దేశంలో ట్రయల్స్ మీద వచ్చిన 2019 రూల్స్ ప్రకారం వైద్యం, పరిహారం ట్రయల్ నడిపేవాళ్లే ఇవ్వాల. సంతకం పెట్టాల్సిన కాగితం తెలుగులో అడిగి ఇంటికి తెచ్చుకో, అమ్మకి చదివి వినిపించు.