నానోకణాలు లేని వెల్‌లో కూడా ఫ్లోరోసెన్స్ పెరుగుతోంది, ఆర్‌ఓఎస్ ఎలా కొలవాలి?

టైటానియం డయాక్సైడ్ నానోకణాల మీద 365 నానోమీటర్ల యూవీ వేసి, ఎంత ఆర్‌ఓఎస్ (ఇట్టే చర్య జరిపే ఆక్సిజన్ రూపాలు) పుడుతోందో కొలవాలని నెల రోజులుగా తంటాలు పడుతున్నాను. వాడుతున్నది ఆక్సీకరణ చెందితే ఆకుపచ్చగా మెరిసే డీసీఎఫ్‌హెచ్ డై, 485 దగ్గర ఎక్సైట్ చేసి 525 దగ్గర రీడింగ్ తీస్తున్నా. కణాలున్న వెల్‌లో (ప్లేట్‌లోని చిన్న గుంటలో) సిగ్నల్ బాగానే పెరుగుతోంది కానీ, అసలు కణాలే వేయని వెల్ కూడా పది నిమిషాలకే ఆకుపచ్చగా మెరుస్తోంది, చీకట్లో ఉంచిన ప్లేట్ మాత్రం మామూలుగానే ఉంది, అంటే యూవీకి డై తనంతట తానే ఆక్సీకరణ చెందుతోందని నా అనుమానం.

ఖాళీ వెల్ రీడింగ్ తీసేస్తే సరిపోతుందా? నాకైతే సరిపోదనిపిస్తోంది, ఎందుకంటే కణాలు కాంతిని పీల్చుకుని, చెదరగొట్టి, డైకి అందే కాంతినే తగ్గించేస్తాయి కదా. పైగా పుట్టింది ఏ రాడికలో ఈ డై చెప్పదు.

అందుకే హైడ్రాక్సిల్ రాడికల్ కోసం, దానితో చర్య జరిపి మెరిసే పదార్థంగా మారే టెరిఫ్తాలిక్ యాసిడ్‌కి మారి, కాంతి వేశాక సెంట్రిఫ్యూజ్ చేసి, పైన తేరిన ద్రావణాన్ని 315 దగ్గర ఎక్సైట్ చేసి 425 దగ్గర చదువుదామనుకుంటున్నా. ఆ యాసిడ్ కణాలకే అంటుకుని వాటితోపాటు అడుక్కి పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. సింగ్లెట్ ఆక్సిజన్‌ని (ఇంకో రకం ఆర్‌ఓఎస్) పట్టేసే సోడియం అజైడ్ వేసి దాని వాటాని వేరు చేద్దామంటే, ఆ అజైడ్ హైడ్రాక్సిల్‌తోనూ చర్య జరుపుతుంది.

ఇది చేసినవాళ్లు ఏ పీహెచ్, ఎంత గాఢత, ఏయే కంట్రోల్స్ పెట్టుకున్నారో దయచేసి చెప్పండి.