అప్‌డేట్: దగ్గర్లోనే థెరపిస్టు దొరికారు, రెండో ప్రయత్నంలో

ఉన్నట్టుండి గుండెదడ, ఊపిరాడని భయం వస్తున్నాయని, దగ్గర్లో థెరపిస్టును ఎలా వెతకాలని రెండు నెలల కిందట అడిగాను. సలహాలు ఇచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మొదట కలిసిన ఆయనతో కుదరలేదు. ఆయన చెబుతూనే ఉన్నారు, నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. మానేస్తానని చెప్పడానికి మొహమాటపడి మరో రెండు వారాలు వృథా చేసుకున్నాను. తప్పు నాదే.

రెండోసారి మీరన్నట్టే ముందు ఫోనులో అడిగాను: అర్హతలేమిటి, పానిక్ అటాక్‌లకు ఏ పద్ధతి వాడతారు? కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (భయం పుట్టించే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే చికిత్స) అన్నారావిడ. తాను సైకాలజిస్టునని, మందులు కావలసివస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతానని చెప్పారు. థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నారా అని కూడా అడిగారు. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ వస్తుందట. చేయించాను, మామూలుగానే ఉంది.

నాలుగో సెషన్‌లో నన్ను ఒక నిమిషం పాటు నిలబడిన చోటే పరుగెత్తమన్నారు. నవ్వొచ్చింది. నిమిషం కాకముందే గుండె దడదడలాడింది, అరచేతులు తడిసిపోయాయి. "మీరు భయపడే దడ ఇదే కదా, ఎంతసేపట్లో తగ్గుతుందో చూద్దాం" అన్నారు. కాసేపటికి తగ్గింది.

నిన్న లిఫ్టులో ఒంటరిగా ఆరో అంతస్తుకు వెళ్లాను. దిగేటప్పుడు మాత్రం మెట్లే.