‘పగుళ్లు ఉన్నాయి, పగుళ్లు లేవు’: కన్న్యూకి తెలుగులో మాట ఏది?

పదాలపెట్టె:
జపానులోని హగి ఊరి మట్టి టీ గిన్నె ఒకదాని వివరణను తెలుగు చేయాలి. గిన్నె ఎలా ఉందో చెప్పే వాక్యం అందులో ఒక్కటే: ‘కన్న్యూ అరి, న్యూ నషి’. అరి అంటే ఉంది, నషి అంటే లేదు. చిక్కల్లా మిగతా రెండు మాటలతోనే. నిఘంటువు రెండింటికీ పగులు అనే చెబుతోంది. అలాగే రాస్తే ‘పగుళ్లు ఉన్నాయి, పగుళ్లు లేవు’ అవుతుంది. పోనీ జపాను మాటల్నే ఉంచేద్దామంటే ‘న్యూ లేదు’ అన్నది చదివి కొత్త సరుకు కాదేమో అనుకుంటారు. మట్టిపాత్రల మాటలు తెలిసినవారు చెప్పండి.

మూకుడు:
రెండూ ఒకే జాతివి కావండీ. కన్న్యూ గ్లేజులో మాత్రమే ఉంటుంది. గాజులాంటి ఆ పై పూత సన్నని గీతలుగా విడిపోతుంది, కింద మట్టికి ఏమీ కాదు. న్యూ అంటే మట్టిని కూడా చీల్చిన గీత, అసలైన దెబ్బ. రాతలో రెండింటికీ చివర ఉన్నది ‘లోపలికి పోవడం’ అనే ఒకే అక్షరం, నిఘంటువు తడబడింది అక్కడే. కొనేవాడికి మాత్రం మొదటిది అందం, రెండోది ధర తగ్గించే లోపం.

కంటితో తేల్చుకోవడం కష్టమేం కాదు. కన్న్యూ వలలా పరుచుకుంటుంది, గీతలు ఒకదాన్నొకటి కలుసుకుని గళ్లు కడతాయి. న్యూ చాలావరకు ఒంటరి గీత. మూతి దగ్గర మొదలై కిందికి దిగుతుంది. గీత లోపలివైపు ఎక్కడ ఉందో చూసి, సరిగ్గా అదే చోట బయటివైపు కూడా చూడాలి. రెండు వైపులా ఒకే దారిలో ఉంటే అది న్యూ. మూతి అంచు మీద గోరు అడ్డంగా లాగితే న్యూ దగ్గర కాస్త తట్టుకుంటుంది, కన్న్యూ గోటికి తెలియనే తెలియదు. పది రెట్ల భూతద్దం ఉంటే సందేహమే ఉండదు.

రేగడి:
అయితే కన్న్యూకి ‘నెర్రె’ సరిపోతుంది. ఎండిన చెరువులో నల్లరేగడి విచ్చుకుంటే నెర్రెలు అనే అంటాం, అవీ గళ్లు గళ్లుగానే ఉంటాయి. పగులు అనగానే వస్తువు పాడైందన్న అర్థం ముందే వచ్చి కూర్చుంటుంది. నెర్రెకు ఆ మచ్చ లేదు.

జీర:
ఒప్పుకోను. రేగడిలో నెర్రె మోకాలి లోతు దిగుతుంది, పశువు కాలు పడితే ఇరుక్కుంటుంది. కన్న్యూ ఏమో పై పూత దాటి కిందికి పోదు. అంత లోతైన మాటను ఇంత పలుచని గీతకు అంటగడితే ఎలా? ‘సాలెగీతలు’ అంటే ఆకారం కూడా కళ్లకు కడుతుంది.

మూకుడు:
లోతు విషయంలో జీర గారి మాట నిజమే. పుట్టుక చూస్తే మాత్రం నెర్రెకే ఓటు. ఆవంలో ఎర్రగా కాలినప్పుడు గ్లేజు, మట్టి ఒకటిగా అతుక్కుపోయి ఉంటాయి. చల్లారేటప్పుడు రెండూ కుంచించుకుంటాయి, అయితే సమంగా కాదు. గ్లేజు ఎక్కువ ముడుచుకోవాలని చూస్తుంది, కింది మట్టి ముడుచుకోనివ్వదు. ఆ లాగుడుకు తట్టుకోలేక గ్లేజు గళ్లుగా విచ్చుకుంటుంది. చెరువులోనూ అంతే, పైన ఎండిన పొర ముడుచుకోబోతుంది, కింద తడి మట్టి పట్టి ఉంచుతుంది. సాలెగీతలు అన్న మాట గీత ఎలా ఉందో చెబుతుంది, ఎందుకు వచ్చిందో చెప్పదు.

ఇదే తిరగబడితే, అంటే మట్టి ఎక్కువ ముడుచుకుని గ్లేజు తక్కువ ముడుచుకుంటే, గ్లేజు నలిగి అంచుల దగ్గర రేకులుగా లేచి ఊడిపోతుంది. దానికి తెలుగులో మాట వెతుక్కోనక్కర్లేదు, గోడ సున్నానికి రోజూ వాడుతున్నదే: పెచ్చులూడడం. ఒకే కారణం అటు తిరిగితే నెర్రె, ఇటు తిరిగితే పెచ్చు. ఇంత చక్కని జంట దొరికాక వదులుకోవడం ఎందుకు?

గ్లేజు కలిపేవారికి ఈ తేడా రోజూ పనికొస్తుంది. సోడా, పొటాష్ ఎక్కువైతే గ్లేజు ఎక్కువ ముడుచుకుంటుంది, నెర్రెలు పెరుగుతాయి. సిలికా పెంచితే తగ్గుతాయి. పెచ్చులూడుతుంటే వైద్యం సరిగ్గా తలకిందులు. నెర్రెలన్నీ ఒక్కరోజులో రావు కూడా. ఆవం తెరిచాక గిన్నెలు టింగుమని చిన్నగా మోగుతూనే ఉంటాయి, కొన్ని రోజుల తరబడి. మట్టి సరిగ్గా కాలకపోతే గాలిలో తేమ పీల్చి మెల్లగా ఉబ్బుతుంది. అప్పుడు నెలల తర్వాత కూడా కొత్త గీతలు పడతాయి.

జీర:
పెచ్చు జంటతో నన్ను పడగొట్టారు. కానీ ఉత్త ‘నెర్రె’ వద్దు, ‘పూత నెర్రె’ అనండి. లోతు ఎంతో మాటలోనే తెలిసిపోతుంది. న్యూకి ‘వెంట్రుక పగులు’.

ఓటికుండ:
నా పేరే ఈ చర్చకు సరిపోయేలా ఉంది కాబట్టి ఒక మాట. మనకు ‘ఓటి’ ఉంది కదా, ఓటికుండకు మోత ఎక్కువ అన్న సామెతలో ఉన్నదే. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి చూసేది ఆ ఓటి చప్పుడు కోసమే. పగులు కంటికి కనపడక ముందే చెవికి దొరికిపోతుంది. న్యూ ఉన్న గిన్నె ఓటి గిన్నె, కన్న్యూ ఉన్నది కాదు. ఒక్క మాటతో తేలిపోలేదూ?

మూకుడు:
పింగాణికీ సెలడాన్‌కూ (నీలిపచ్చ గ్లేజు పాత్రలకు) ఆ పరీక్ష నిలుస్తుంది, ఎందుకంటే ఆ మట్టి గాజులా బిగిసి ఉంటుంది. మంచిది ఖంగుమంటుంది, న్యూ ఉన్నది డప్పుమంటుంది. హగి గిన్నెల దగ్గర, రకు అనే మరో జపాను రకం దగ్గర చెవిని నమ్మితే మోసపోతారు. వాటి మట్టి మెత్తన, నిక్షేపంలా ఉన్న గిన్నె కూడా డప్పుమనే అంటుంది. అందుకని ఒక్కచోట కొట్టి తీర్పు చెప్పకూడదు. వేళ్ల ఉంగరాలు తీసేసి, కింద మెత్తని గుడ్డ పరుచుకుని, గిన్నెను ఎడమ అరచేతిలో వదులుగా నిలబెట్టి, మూతి చుట్టూ ఏడెనిమిది చోట్ల గోటితో మెల్లగా తట్టాలి. చప్పుడు అన్నిచోట్లా ఒకేలా ఉంటే ఫరవాలేదు, ఒక్కచోట చచ్చుబడితే అక్కడ వెతకాలి. అతుకు వేసిన గిన్నెను మాత్రం తట్టకండి.

నీళ్ల పరీక్షలోనూ ఇదే తిరకాసు. గోరువెచ్చని నీళ్లు పోసి తెల్ల కాగితం మీద గంటసేపు ఉంచితే కొత్త హగి గిన్నెకు అడుగున చెమట పడుతుంది, కాగితం మీద గుండ్రంగా తడి మరక వస్తుంది. మన మట్టి కూజా చెమర్చినట్టే, అది లోపం కాదు. గోడ మీద ఒకే గీత వెంట తడి దిగితే అది న్యూ.

పదాలపెట్టె:
అదే వివరణలో ‘హగి నొ ననబాకె’ అని కూడా ఉంది. ‘హగి ఏడు మార్పులు’ అని రాశాను, చప్పగా ఉంది.

రేగడి:
బాకె అంటే ఉత్త మార్పు కాదు, వేషం మార్చడం. జపాను కథల్లో నక్క మనిషి రూపం ఎత్తుతుందే, ఆ క్రియే ఇది. ‘హగి ఏడు వేషాలు’ అనండి. పగటివేషాలు చూసిన జాతికి వేరే వివరణ అక్కర్లేదు. ఏడు అన్నది లెక్క కాదు, చాలా అని.

ఆ వేషాలు కట్టించేది కూడా పూత నెర్రెలే. టీ ఆ గీతల్లోంచి మెత్తని మట్టిలోకి దిగి, వాడేకొద్దీ లేత గులాబీ, తెలుపు గిన్నె గోధుమరంగు వైపు తిరుగుతుంది. జపాను పాలకుడు హిదెయోషి కొరియా మీదికి దండెత్తిన 1592-98 యుద్ధాల తర్వాత అక్కడి నుంచి తెచ్చిన కుమ్మరులతో, మోరి వంశం ఏలుబడిలో హగి పని మొదలైంది. టీ గిన్నెల్లో ‘ఒకటి రకు, రెండు హగి, మూడు కరత్సు’ అన్న నానుడిలో హగి రెండో చోటు సంపాదించడంలో ఈ రంగు మారే గుణానిదీ పెద్ద వాటానే.

జీర:
ఆ రంగును దొంగగా కూడా ఎక్కిస్తారు. చిక్కటి టీ డికాక్షన్‌లో గిన్నెను ఉడకబెడితే కొత్త గిన్నెకు ఒక్కరోజులో యాభై ఏళ్ల వయసు వస్తుంది. దొంగను పట్టించేది మరక సమంగా ఉండడం. వాడగా వచ్చిన మరక లోపలి అడుగున, టీ చివరి చుక్క నిలిచే గుంటలో బాగా ముదురుగా, పెదవి ఆనే మూతి దగ్గర ఓ మోస్తరుగా ఉంటుంది. బయటివైపు లేత. ఉడకబెట్టిన గిన్నెకు లోపల, బయట, గిన్నె నిలబడే అడుగు వలయం లోపల కూడా గీతలన్నీ ఒకే ముదురు. అడుగు వలయం లోపలికి టీ ఎవడు పోసుకుని తాగాడు?

ఇంకోమాట, గీతలకు రంగు పట్టించినవన్నీ మోసం కావు. ఫుకుషిమా ప్రాంతపు ఒబోరి సోమ పాత్రల్లో నీలిపచ్చ గ్లేజు నెర్రెల్లోకి సిరా రుద్దుతారు. అది ఆ పనివాళ్ల బహిరంగమైన పద్ధతి.

పదాలపెట్టె:
మిగిలిన చిన్న మాటలు: హొత్సు, సొగె, అమమోరి, కైరగి, కోదై.

మూకుడు:
హొత్సు అంటే అంచున ఊడిన చిన్న ముక్క, ‘అంచు పెచ్చు’ అనొచ్చు. సొగె అంటే మూతి దగ్గర పలుచగా, వాలుగా లేచిపోయిన పొర, అది ‘చెక్కు’. అమమోరి మాట దగ్గర అనువాదకుడి పని సుఖం. దాని అర్థమే వాన కారడం, పైకప్పు కారితే గోడకు పట్టే మరక లాంటిది అన్నమాట. గ్లేజు సందుల్లోంచి తేమ లోపలికి పోయి, మబ్బులా పరుచుకున్న మచ్చ. ‘చెమ్మ మరక’ అంటే మన ఇళ్లలో తెలియనివారు ఉండరు.

కైరగి కష్టం. కత్తి పిడికి చుట్టే గరుకు చేపతోలు నుంచి వచ్చిన మాట. గిన్నె అడుగు దగ్గర గ్లేజు సరిగ్గా పరుచుకోక, ముడుచుకుని పూసలు పూసలుగా నిలిచిపోతుంది. క్యోటోలోని దైతొకు-జి బౌద్ధాలయం ఆవరణలో, కొహో-అన్ అనే చిన్న ఆలయంలో ఉన్న ‘కిజయెమొన్’ అనే ‘ఇదో’ రకం గిన్నె జపాను జాతీయ నిధి. కొరియాలో చేసిన మామూలు గిన్నె, దాని అడుగున ఉన్న ఆ పూసలనే చూసి తరాల వాళ్లు మురిసిపోయారు. నన్నడిగితే సీతాఫలం తోలు అంటాను, బొడిపెలూ మధ్య సందులూ అచ్చం అలాగే ఉంటాయి. వివరణ పత్రంలో పండు పేరు బాగోదంటే ‘పూసకట్టిన గ్లేజు’.

ఓటికుండ:
కోదైకి ‘కుదురు’?

రేగడి:
కుదురు విడి వస్తువు, కుండ కింద పెట్టే గడ్డి చుట్ట లేదా గుడ్డ చుట్ట. కోదై గిన్నెలో భాగం, మట్టి పచ్చిగా ఉండగా సారె మీద తొలిచి తీసేది. ‘అడుగు వలయం’ చాలు. అన్నట్టు, ఆ గిన్నెను జపాను మాటలోలా ‘చవాన్’ అని మాత్రం రాయకండి, చదివేవాళ్లు ఇంటిపేరు అనుకుంటారు. టీ గిన్నె అంటే చాలు.

జీర:
గిన్నె అంటే లోహపుది అనుకోరూ? ‘పింగాణి’ అందామంటే, పర్షియన్‌లో పింగాన్ అంటే గిన్నె, కప్పు అనే అర్థం, అరబ్బీ వాళ్ల ఫింజాన్ దాని రూపమే. కానీ తెలుగులో అది తెల్ల మట్టి పేరుగా స్థిరపడింది. హగి గిన్నెను పింగాణి అంటే తప్పు, హగి పింగాణి కాదు. మట్టి టీ గిన్నె అనాలి.

ఓటికుండ:
విరిగిన గిన్నెను అతికి గీతల మీద బంగారం పూసే కింత్సుగికి ‘బంగారు అతుకు’ అని అందరూ రాస్తున్నారు. బిందెలకు మాట్లు వేస్తామని వీధుల్లో కేక వేసేవారే, ఆ ‘మాటు’ ఎందుకు మర్చిపోయారో! ‘బంగారు మాటు’.

మూకుడు:
మాట భేషుగ్గా ఉంది, ఒక్క తిరకాసు. బిందె మాటులో లోహమే పట్టి ఉంచుతుంది. కింత్సుగిలో పట్టి ఉంచేది బంగారం కాదు, ఉరుషి అనే చెట్టు జిగురు. గోధుమపిండిని కొద్ది నీళ్లతో ముద్ద చేసి, ఇంచుమించు అంతే పచ్చి ఉరుషి కలిపి తీగ సాగేదాకా నూరి, ముక్కల అంచులకు పలుచగా రాసి అతికిస్తారు. బంగారం పొడి చివర చల్లే సింగారం. ఉరుషి ఎండలో పెడితే గట్టిపడదు, తేమ కావాలి. ఇరవై నుంచి ముప్పై డిగ్రీల వేడి, డెబ్బై ఎనభై శాతం తేమ ఉన్న పెట్టెలో రెండు వారాలకు తక్కువ కాకుండా ఉంచాలి. మందంగా పూస్తే పైన పొర కట్టి లోపల పచ్చిగానే మిగులుతుంది, నెల తర్వాత అతుకు జారుతుంది. పచ్చి ఉరుషి చర్మానికి తగిలితే బొబ్బలు. చాకలి గుర్తు పెట్టే నల్లజీడి కుటుంబమే అది, మామిడి, జీడిమామిడి కూడా. జీడి పడనివారు చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

నిజమైన లోహపు మాటు చూడాలంటే తోక్యో జాతీయ మ్యూజియంలో బకోహన్ అనే చీనా సెలడాన్ గిన్నె ఉంది. దాని పగులును లోహపు కొక్కేలతో కుట్టారు.

రేగడి:
వివరణలో వాడకం గురించి కూడా రెండు ముక్కలు రాయండి, పూత నెర్రెలున్న గిన్నెకు అది అవసరం. టీ కలిపే ముందు గోరువెచ్చని నీళ్లలో కాసేపు నాననివ్వాలి. మట్టి ముందే నీళ్లు తాగేస్తే టీ మరక, వాసన లోపలికి తక్కువ పోతాయి. సబ్బు వద్దు, దాని వాసన గీతల్లో చేరితే పోదు. కడిగి తుడిచి నీడన మూణ్ణాలుగు రోజులు ఆరనిచ్చాకే చెక్కపెట్టెలో పెట్టాలి. విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లలో వానాకాలం వారం ఆరబెట్టినా ఎక్కువ కాదు. పైకి పొడిగా ఉన్నా మట్టి లోపల తడి ఉంటుంది, పెట్టె మూయగానే బూజు పడుతుంది.

పదాలపెట్టె:
ఇలా రాశాను: ‘హగి మట్టి టీ గిన్నె. పూత నెర్రెలు ఉన్నాయి. వెంట్రుక పగులు గానీ అంచు పెచ్చు గానీ లేదు. ఓటి చప్పుడు లేదు. వాడకంతో రంగు మారుతుంది, దీన్నే హగి ఏడు వేషాలు అంటారు.’

మూకుడు:
‘ఓటి చప్పుడు లేదు’ కొట్టేయండి. హగి గిన్నె కదా, కొన్నవాడు ఇంటికి పోయి తట్టి చూస్తాడు, డప్పుమంటుంది, మర్నాడే తిరిగి పంపుతాడు. దాని బదులు ‘లోపలా బయటా ఒకే దారిలో నడిచే గీత లేదు’ అని రాయండి.