సమస్య: కూఁతు రెక్కెఁ దల్లి కుర్చిమీఁద

ఆటవెలది నాలుగో పాదం. ఐదు సూర్యగణాలూ గలములే (గురువు, లఘువు), యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొత్తు) కూఁ–కుర్. ‘దగ్గర’, ‘దాదాపు’ అనే అర్థాల్లో వాడే పాత ఇంగ్లీషు మాట ‘నై’ (nigh) మీద పూరించాలి.

పూరణ 1

నైకిఁ బుట్టె నియరు నాఁటి భాష నధిక
తరముఁ దెలుపు రూపు, తల్లి నణచి
వట్టి దగ్గఱనెడు వాడుకై నిలిచెను
కూఁతు రెక్కెఁ దల్లి కుర్చిమీఁద

విమర్శ: ఛందస్సు కుదిరింది, విషయమూ సరైనదే. పాత ఇంగ్లీషులో నేయహ్ (దగ్గర), నేయర్ (ఇంకా దగ్గర), నీహ్‌స్ట్ (అన్నిటికన్నా దగ్గర): ఇవే నేటి నై, నియర్, నెక్స్ట్. ‘కమ్ నియర్’ అంటే మొదట ‘ఇంకా దగ్గరికి రా’ అని. వినేవాడు ‘దగ్గరికి రా’ అనుకున్నా వేసే అడుగు అదే గదా, తరభేదం (‘ఇంకా’ అనే పోలిక) అక్కడే జారిపోయింది. నార్సు (స్కాండినేవియా పాత భాష)లోని ‘నైర్’ కూడా అటే లాగింది. ఆ తర్వాత కూతురికే మళ్లీ ప్రత్యయం తగిలించి ‘నియరర్’ చేశారు. చరిత్ర లెక్కన అది ‘ఇంకా ఇంకా దగ్గర’!

ఒక్క సవరణ. ‘నణచి’ అతిశయోక్తి. తల్లి ‘వెల్‌నై’ (దాదాపు)లోనూ, ‘నైబర్’ (దగ్గర కాపురమున్నవాడు) మొదటి సగంలోనూ బతికే ఉంది. ‘తల్లి యుండ’ అనండి, గణాలు చెడవు.

పూరణ 2

దాపు దాపు గలిసి దాదాపై నట్లు
వెల్లు నైనిఁ గూడ విరిసె నొకటి
నెక్స్టు వేఱు దారి, నియరొక్కటే కదా
కూఁతు రెక్కెఁ దల్లి కుర్చిమీఁద

విమర్శ: మొదటి పాదం నాలుగో గణం ‘దాదాపై’ మూడు గురువులు, మగణం. అక్కడ ఇంద్రగణం పడాలి. ఐదోదీ ఇంద్రగణం కావలసింది, గలమే అయింది. ‘దాదాపుగాఁ దేలె’ అంటే రెండూ తగణాలు (గురువు, గురువు, లఘువు), ఇంద్రగణాలే, యతీ చెడదు. పోలిక మాత్రం బాగా దొరికింది. అయితే ‘వెల్’ ఇక్కడ దాపుకు జంట కాదు, ‘బాగా’ అని బలమిచ్చే మాట. వెల్‌నై అంటే ‘బాగా దగ్గరగా’.

ప్రశ్న: వెల్‌నైకి ‘సుమారు’ అనవచ్చా?

జవాబు: ‘వెల్‌నై ఇంపాసిబుల్’ను ‘సుమారు అసాధ్యం’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. సుమారు పారశీక ‘షుమార్’ (లెక్క) నుంచి వచ్చింది, అంకెల పక్కనే ఒప్పుతుంది. ‘దాదాపు అసాధ్యం’ సరి. ‘నై ఆన్ ఫార్టీ ఇయర్స్’ దగ్గరా జాగ్రత్త. అది 40 నిండని లెక్క. సుమారు 40 అంటే 41 కూడా కావచ్చు. ‘నలభైకి దగ్గర దగ్గర’ అనాలి.