రిటైరయ్యాక అనంతపురంలోనే ఉండాలా, ఇల్లు అమ్ముకుని బెంగళూరు పోవాలా?

టవర్‌క్లాక్ మాస్టారు (అనంతపురం):
అందరికీ నమస్కారం. వచ్చే జూన్‌కి నాకు 62 నిండుతాయి, హైస్కూల్ హెడ్‌మాస్టర్‌గా రిటైరవుతున్నా. రామనగర్‌లో సొంత ఇల్లు, కింద మేముంటాం, పైన అద్దెకిచ్చాం. కొడుకు బెంగళూరులో యలహంక దగ్గర ఉంటాడు. "ఆ ఇల్లు అమ్మేయండి నాన్నా, మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంకో ఫ్లాట్ తీసుకుందాం" అని ఏడాదిగా ఒకటే పోరు. మా బావమరిదేమో బళ్ళారి రమ్మంటాడు, 1953లో మైసూరు రాష్ట్రంలో కలిసినా బజారులో ఇప్పటికీ తెలుగు నడుస్తుంది, నీకేం ఇబ్బంది ఉండదని. నాతో పనిచేసిన లెక్కల సార్ తిరువణ్ణామలైలో రమణాశ్రమం పక్కన చిన్న ఫ్లాట్ కొనుక్కుని వెళ్ళిపోయాడు, ఫోన్ చేస్తే గిరి ప్రదక్షిణ తప్ప ఇంకో మాట లేదు. మన సీమవాళ్ళ ఖర్మ ఏమో గానీ అనంతపురానికి బెంగళూరు, కర్నూలుకి హైదరాబాదు, కడపకి చెన్నై, ఎటు చూసినా దగ్గరి మహానగరం పక్క రాష్ట్రంలోనే ఉంది. పోయినవాళ్ళు, పోయి తిరిగొచ్చినవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి. నాకైతే అమ్మడం ఇష్టం లేదు, ఆ సంగతి ముందే చెప్తున్నా.

హంద్రీ ఒడ్డు (కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్):
సార్, నా మాట మీకు నచ్చదు. పోండి. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మా పాతబస్తీ ఇల్లు మునిగింది, సామాను మొత్తం బురద పాలైంది, అప్పుడు కూడా కర్నూలు వదలాలని నాకు అనిపించలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకి మా ఆవిడకి ఒక రాత్రి గుండె నొప్పి వచ్చింది. దగ్గరని ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి పోతే గుండె డాక్టర్ వారానికి రెండు రోజులే వస్తాడట, "హైదరాబాద్ తీసుకుపోండి" అన్నారు. రెండొందల కిలోమీటర్లు అంబులెన్స్‌లో. ఆ ప్రయాణం చేసినవాడు మళ్ళీ సొంతూరు గాలి, సొంతూరు మట్టి అని మాట్లాడడు. మరుసటి ఏడాదే ఇల్లు ఖాళీ చేశాం. ఇప్పుడు ఆసుపత్రి మాకు ఆటోలో పది నిమిషాలు.

కడప కోడలు:
హంద్రీ అన్నా, మీ బాధ నిజమే, కాదనను. కానీ మీరు ఆ రాత్రి పెద్దాసుపత్రికి పోకుండా నర్సింగ్ హోమ్‌కి ఎందుకు పోయారు? కర్నూలు పెద్దాసుపత్రికి సగం సీమ నుంచి జనం వస్తారు. అనంతపురం వాళ్ళకైతే పుట్టపర్తిలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి 1991 నుంచి ఉంది, గుండె ఆపరేషన్లు పైసా తీసుకోకుండా చేస్తారు, బత్తలపల్లిలో ఆర్డీటీ స్వచ్ఛంద సంస్థ ఆసుపత్రి ఉంది. మా వైపు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి, అదీ కాకపోతే చిత్తూరు దాటి వేలూరు సీఎంసీ ఆసుపత్రి. కడప జిల్లాలో పెద్ద జబ్బు చేసి వేలూరు మొహం చూడని ఇల్లు ఎన్ని ఉంటాయి చెప్పండి, అందుకని అందరం తమిళనాడుకి కాపురం మార్చామా?

మాస్టారూ, మీ అబ్బాయి పిలిచేది మీ కోసమా, మనవడిని స్కూల్ బస్సు దగ్గర దింపి మళ్ళీ ఎక్కించుకొచ్చే మనిషి కోసమా? కోపం తెచ్చుకోవద్దు. మా అత్తామామల్ని మా ఆడపడుచు చెన్నై తీసుకుపోయింది. మామయ్య పొద్దున తొమ్మిదింటికి పేపరు చదవడం అయిపోతే రాత్రి దాకా ఏం చెయ్యాలో తెలియక బాల్కనీలో నిలబడేవాడు. కడపలో ఆయన టీ తాగడానికి బయటికి పోతే తిరిగి రావడానికి రెండు గంటలు, దారి పొడుగునా మనుషులు. అక్కడ తమిళం రాదు, పక్క ఫ్లాట్ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. పైగా అత్తయ్యకి మామూలు వృద్ధాప్య పింఛను, 4000, ఒకటో తేదీన సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి చేతికిస్తారు. చెన్నైలో కూర్చుంటే ఎవరిస్తారు? నెలనెలా రైలు ఎక్కడం మొదలైంది. చివరికి ఇద్దరూ వెనక్కి వచ్చేశారు.

హెబ్బాళ ట్రాఫిక్‌లో సీమోడు:
అక్కా, పిల్లల వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా. మేమందరం పిల్లల్ని చూసుకోవడానికి పనిమనిషిని వెతుక్కుంటున్నామని తేల్చేశారు. రాత్రి పదకొండుకి "మీ నాన్న బాత్రూంలో జారి పడ్డాడు" అని పక్కింటివాళ్ళు ఫోన్ చేస్తే అప్పటికప్పుడు కారు తీసుకుని 44 నంబర్ హైవే మీద రెండొందల కిలోమీటర్లు పోయేది ఎవరు? బాగేపల్లి టోల్ దగ్గర లారీల వెనక ఆగి ఉన్నప్పుడు పడే టెన్షన్ మీకు తెలీదు. తెల్లారి మళ్ళీ ఆఫీసు. ఆయన మాత్రం "నాకేం కాలేదు, నువ్వెందుకొచ్చావ్" అంటాడు! మా ఇంట్లో ఇప్పటికీ ఇదే జరుగుతోంది. అమ్మానాన్నలకి అదొక గౌరవం, మాకు ప్రాణసంకటం. మాస్టారి అబ్బాయి అదే అపార్ట్‌మెంట్‌లో వేరే ఫ్లాట్ అంటున్నాడు, తన ఇంట్లోనే ఉండమనలేదు. అంతకంటే మంచి ఏర్పాటు ఇంకేముంటుంది?

పాత ట్రెజరీ మనిషి:
వాదనలు తర్వాత, ముందు కాగితాలు చూసుకోండి. మాస్టారికి పెన్షన్ ట్రెజరీ నుంచి బ్యాంకు ఖాతాలో పడుతుంది, ఎక్కడున్నా ఇబ్బంది లేదు. 2014 నుంచి జీవన్ ప్రమాణ్ ఉంది కాబట్టి బతికున్నట్టు ఏటా ఇచ్చే సర్టిఫికెట్ కోసం కూడా అనంతపురం రానక్కర్లేదు, యలహంకలో వేలిముద్ర వేస్తే చాలు. చిక్కంతా వైద్యం దగ్గర మొదలవుతుంది. ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఉద్యోగులు, పెన్షనర్ల ఆరోగ్య పథకం) కార్డు నెట్‌వర్క్ ఎక్కువగా మన రాష్ట్రం ఆసుపత్రులే, బెంగళూరులో మీ ఇంటి దగ్గర్లో ఏది చెల్లుతుందో పోకముందే కనుక్కోవాలి, పోయాక క్యాజువాలిటీలో నిలబడి అడిగితే లాభం లేదు. 70 దాటినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్రం ఇచ్చే 5 లక్షల ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబర్‌లో వచ్చింది గానీ మీకు ఇంకా ఎనిమిదేళ్ళుంది, అదీ జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లోనే. ఈలోపు సొంతంగా ఆరోగ్య బీమా తీసుకోండి, ముందు నుంచీ ఉన్న జబ్బులకి గరిష్ఠంగా మూడేళ్ళ దాకా ఆగాలి అంటారు, కాబట్టి ఉద్యోగంలో ఉండగానే మొదలుపెట్టడం మేలు. కారు ఉందా? వేరే రాష్ట్రంలో ఏడాది దాటి నడిపితే రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి, ఇక్కడి ఆర్టీవో నుంచి అభ్యంతరం లేదనే కాగితం (ఎన్ఓసీ), అక్కడ మళ్ళీ టాక్సు. పాత కారైతే అమ్మేసి పోండి.

ఇల్లు అమ్మే విషయానికొస్తే, అమ్మిన రోజు నుంచి గడియారం తిరగడం మొదలవుతుంది. దీర్ఘకాలిక లాభం మీద పన్ను లేకుండా చూసుకోవాలంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొనాలి, కట్టుకుంటే మూడేళ్ళు. ముందే కొని ఉంటే అమ్మడానికి ఏడాదిలోపు కొన్నదై ఉండాలి. "ఉండి చూద్దాం, నచ్చితే కొందాం" అనుకునేవాళ్ళు ముందే అమ్మేసి కూర్చుంటే ఆ తొందరలో ఏదో ఒకటి కొనేస్తారు. ఇంకో మాట, ఫ్లాట్ కొడుకు పేరున వద్దు. మినహాయింపు దగ్గర ఐటీ వాళ్ళతో చిక్కు వస్తుంది, అది చిన్న సంగతి. పెద్ద సంగతి ఏమిటో మీకు తెలుసు. 2007 వృద్ధుల చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం చూసుకుంటామన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయించుకోవచ్చు. కానీ అది మీరు రాసిచ్చిన ఆస్తికి. మీరు డబ్బిచ్చి కొడుకు పేరున కొనిపించిన ఫ్లాట్ గురించి ట్రిబ్యునల్ ముందు వాదించుకోవడం వేరే కథ.

హెబ్బాళ ట్రాఫిక్‌లో సీమోడు:
సార్, కొడుకులందరినీ దొంగల కింద లెక్కేస్తే ఎలా?

పాత ట్రెజరీ మనిషి:
నేను కౌంటర్‌లో ముప్పై ఏళ్ళకి పైగా కూర్చున్నా బాబూ. అందరూ దొంగలు కాదు. కోడలు, కొడుకు ఇద్దరి ఉద్యోగాలూ పోయి ఈఎంఐ కట్టలేని రోజు వచ్చినా ఫ్లాట్ మాస్టారి పేరున ఉంటే ఆయన నెత్తిమీద కప్పు మిగులుతుంది. దానికి ఎవరూ దొంగ కానక్కర్లేదు.

మదనపల్లె గాలి:
రాష్ట్రం దాటాలని ఎందుకంత పట్టు? మదనపల్లె చూడండి. దాదాపు 700 మీటర్ల ఎత్తు, క్షయ రోగుల శానిటోరియం 1915లో గాలి బాగుందనే ఆరోగ్యవరంలో పెట్టారు. బెంగళూరు మూడు గంటల్లోపే. ఈహెచ్ఎస్, ట్రెజరీ, ఓటు ఏదీ మారదు. తిరువణ్ణామలై ఎండల్లో ఏం చేస్తారు సార్, అది అనంతపురానికి తోబుట్టువే.

హంద్రీ ఒడ్డు (కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్):
మదనపల్లెలో ఆయనకి కొడుకూ లేడు, ఇన్నేళ్ళ స్నేహితులూ లేరు. గాలి ఒక్కటే పీల్చుకుని బతకాలి.

కడప కోడలు:
గాలి సంగతి సరే, నీళ్ళ మాట ఎవరూ ఎత్తరేం? 2024 ఎండాకాలంలో బెంగళూరులో బోర్లు ఎండిపోయి లక్షలు పోసి కొన్న ఫ్లాట్లవాళ్ళు ట్యాంకర్ కోసం క్యూ కట్టారు. అంత డబ్బు పెట్టి బకెట్లు పట్టుకోవడానికా?

హెబ్బాళ ట్రాఫిక్‌లో సీమోడు:
అనంతపురం మనిషికి నీళ్ళ గురించి బెదిరింపా అక్కా! ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే ఊరు మాది. చిన్నప్పుడు రాత్రి రెండింటికి కుళాయి వస్తే అమ్మ నన్ను లేపేది. సత్యసాయి నీళ్ళ పథకం వచ్చాక, హంద్రీ నీవా కాలువ నీళ్ళు జీడిపల్లి రిజర్వాయర్‌కి చేరాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాం అంతే. బెంగళూరులో 2024 అక్టోబర్‌లో కావేరి నీళ్ళ పథకం ఐదో దశ మొదలైంది, అది వచ్చే ఏరియానా కాదా చూసి తీసుకోవాలి. అన్నట్టు మాస్టారూ, బి ఖాతా (అన్ని అనుమతులూ సరిగా లేని ఆస్తుల రికార్డు) ఫ్లాట్ చవకగా వస్తుందని చెప్పేవాళ్ళు ఎదురవుతారు. లోను పుట్టడం కష్టం, అమ్మడం కష్టం. దాని దరిదాపులకి పోవద్దు.

టవర్‌క్లాక్ మాస్టారు (అనంతపురం):
అందరివీ చదివాను. కడప అమ్మాయి చెప్పినదే నా మనసులో మాట. ఊళ్ళో నా దగ్గర చదివినవాళ్ళు ప్రతి ఆఫీసులో ఒకరున్నారు, పని ఉంటే "కూర్చోండి సార్" అని కుర్చీ వేస్తారు. యలహంకలో నేను ఎవరిని? గేటు దగ్గర సెక్యూరిటీ అతను రోజూ ఏ ఫ్లాట్ అని అడుగుతాడు. మా ఆవిడ ఫోన్ లాక్కుంటోంది, ఏదో రాయాలట.

టవర్‌క్లాక్ మాస్టారు (అనంతపురం):
నేను ఆయన భార్యను. కుర్చీ ఆయనకి వేస్తారు, కాఫీ నేను పెడతాను. పై వాటాకి మోటారు ఆన్ చెయ్యాలన్నా, అద్దెవాళ్ళ కుళాయి కారుతుందన్నా మెట్లెక్కి దిగేది నేను. మోకాళ్ళు అరిగిపోయాయని డాక్టర్ చెప్పి మూడేళ్ళయింది. ఈ ఇంట్లో లిఫ్ట్ పెట్టిస్తారా? ఏప్రిల్, మే నెలల్లో 42 డిగ్రీల్లో వంటింట్లో నిలబడేది ఎవరో ఈ చర్చలో ఒక్కరూ అడగలేదు. నా స్నేహితులు ఇద్దరు ఇప్పటికే పిల్లల దగ్గరికి పోయారు, ఒకామె యలహంకలోనే ఉంది, సాయంత్రం పది మంది తెలుగువాళ్ళు పార్కులో కూర్చుంటారట. మనవడిని చూసుకోవడం నాకు బరువు కాదు కడప అమ్మాయీ, రోజుకి మూడు పూటలా వచ్చే ఈయన తాలూకు బంధువులకి వండటం బరువు. ఇల్లు అమ్మమని నేను అనలేదు. నన్ను పోనివ్వండి అంటున్నా.

కడప కోడలు:
అమ్మా, మీరు ముందే రాసి ఉంటే నేను ఇంత పొడుగు పోస్టు పెట్టేదాన్నే కాదు. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆధార్ అడ్రస్ బెంగళూరుకి మార్చకపోతే అక్కడి ఆడవాళ్ళకిచ్చే ఉచిత బస్సు మీకు రాదు, మారిస్తే 2025 ఆగస్టు నుంచి ఇక్కడ మనకిస్తున్నది పోతుంది. మామయ్య గురించి చెప్పిన మాట మీద నేను నిలబడే ఉన్నా, మగవాళ్ళు అక్కడ వాడిపోతారు.

పాత ట్రెజరీ మనిషి:
అయితే అద్దెకి పోండి. అదే అపార్ట్‌మెంట్‌లో లేదా నాలుగడుగుల దూరంలో. కింద వాటాకి తాళం వేసుకోండి, పైన అద్దెవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇల్లు పాడుబడదు. ఆధార్, ఓటు, ఈహెచ్ఎస్ ఏదీ ముట్టుకోవద్దు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచాక అమ్మకం మాట. వందే భారత్ అనంతపురంలో ఆగి యశ్వంతపూర్ పోతుంది, మాస్టారికి ఊపిరాడకపోతే మధ్యాహ్నం ఎక్కి సాయంత్రానికల్లా టవర్‌క్లాక్ దగ్గర ఉండొచ్చు.

హంద్రీ ఒడ్డు (కర్నూలు, ఇప్పుడు హైదరాబాద్):
రెండు పడవల మీద కాళ్ళు. అటూ ఇటూ కరెంటు బిల్లు, అటూ ఇటూ పనిమనిషి. నేనైతే మళ్ళీ చెప్తున్నా, పోయేదేదో పూర్తిగా పోండి.

టవర్‌క్లాక్ మాస్టారు (అనంతపురం):
మళ్ళీ నేనే, మాస్టారిని. అద్దెకైతే ఒప్పుకుంటున్నా, ఇంట్లో కూడా చెప్పేశా. కొడుకు చూసిన ఇంటాయన పది నెలల అడ్వాన్సు అడుగుతున్నాడు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె పట్టుకుంటాడట. ఇది బెంగళూరులో మామూలేనా, బేరమాడితే తగ్గుతారా? హెబ్బాళ తమ్ముడు చెప్పాలి.